జాగా చెప్పకపోతే

"…ఐదో నెల కడుపుతోని బస్సుల ఊగుకుంట షాద్‌నగర్ దాంక పోతవా? ఆడ దిగి ఏం చేస్తవ్? రెండు బటన్లు ఒత్తి మళ్ళ బస్సెక్కుతవ్. గంతే గద నీ నౌకరి!"

"రెండు బటన్లయితె నువ్వే పోయి ఒత్తిరా."

"నాకేం తెల్సు మీ బటన్ల సంగతి."

"తెల్వనప్పుడు రెండే అని ఎట్ల అన్నవ్?"

మెట్ల దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న నర్సింగమ్మ చేతులు ఆగాయి. చౌటుప్పల్‌లో హైవేకి రెండు వీధుల లోపల, మేడ మీద రెండు గదుల కిరాయి వాటా అది. లోపల కొడుకు సతీశ్, కోడలు స్వరూప మాట్లాడుకుంటే కింద ఇంటివాళ్ళకు కూడా వినిపిస్తుంది.

"అమ్మా, నువ్వన్న చెప్పు ఈమెకు" అని సతీశ్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"నన్ను నడుమల గుంజకు. నేను వానకు మొగులు పట్టంగనే ఊరికి పోయేదాన్ని."

"గదే నేను చెప్పేది. నువ్వు ఊరికి పోతవ్. నాకు ఫ్యాక్టరీల వారం వారం షిఫ్ట్ మారుతది. రేపు బిడ్డ పుట్టినంక ఎవలు చూడాలె? ఎట్లన్న మానేసేదే కద, ఇప్పుడే మానెయ్యమంటున్న."

"ఎట్లన్న మానేసేదని ఎవరన్నరు?" లోపలి నుంచి స్వరూప గొంతు.

"అక్షితప్పుడు మానెయ్యలేదా?"

లోపల గిన్నె ఠంగున కింద పెట్టిన చప్పుడైంది. నర్సింగమ్మ గింజ తీసి పక్కన వేసింది.

"నేనైతె పత్తి ఏరుకుంట ఏరుకుంట కన్న నిన్ను" అన్నది కొడుకుతో. "గని బస్సుల మాత్రం నిలబడలే. ఇప్పుడు ఆడోళ్ళకు టికెట్ లేదు, నిలబడెటందుకు జాగా కూడ లేదు."

అది ఎవరి పక్షాన అన్న మాటో సతీశ్‌కు తెలియలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు.

*

స్వరూపకు ముప్పై మూడేళ్ళు. ఊరు మునుగోడు వైపు. తండ్రి ఐలేశంకు గొర్ల మంద ఉంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. నల్లగొండలో కంప్యూటర్లతో బీఎస్సీ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో వివరాలు ఎక్కించే పనికి చేరింది. పెళ్ళయినా ఆ పని వదల్లేదు. పెద్ద పిల్ల అక్షిత కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో మానేసింది. అక్కడ ఆడవాళ్ళందరూ అలాగే మానేసేవాళ్ళు. పిల్లకు ఏడాది నిండాక మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళింది. ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. తలెత్తి, "ఎవరు కావాలి మేడం?" అని అడిగింది. స్వరూప ఎవరూ వద్దని చెప్పి తిరిగి వచ్చేసింది.

చౌటుప్పల్‌లో రామచంద్రం ల్యాబులో చేరడానికి ఆ తర్వాత మూడేళ్ళు పట్టింది. రామచంద్రం చాలాకాలం సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసిన మనిషి. రిటైరయ్యాక సొంతంగా ల్యాబు పెట్టాడు. యాదగిరిగుట్టలో ఒక బ్రాంచి ఉంది. షాద్‌నగర్‌లో ఇంకొకటి శ్రావణమాసంలో తెరవాలని చూస్తున్నాడు. రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రామ్‌ను హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకతను రాసి ఇచ్చి, ఆ తర్వాత దుబాయ్ వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి దాన్ని స్వరూపే చూసుకుంటోంది. ముందు భయపడింది. తర్వాత ఒక్కో ఫైలూ తెరిచి చదువుకుంది. ఇప్పుడు అందులో ఏది ఎక్కడుందో ఆమెకు తన వంటింటి డబ్బాల్లాగే తెలుసు.

ల్యాబులో పరీక్ష చేసే కిట్లు మారుతుంటాయి. కిట్ మారితే, రక్తంలో ఏది ఎంత ఉంటే మామూలు అనే హద్దులు కూడా మారతాయి. ఆ హద్దులు డేటాబేస్‌లో ఉంటాయి. వాటిని మార్చడానికి స్క్రిప్ట్ అనే ఫైళ్ళు ఉన్నాయి. ఈ పరీక్షను చేర్చు, ఈ హద్దును తీసి ఇది పెట్టు అని డేటాబేస్‌కు వరసగా చెప్పేవి. ఒక పెద్ద ఫైలు మిగతా ఫైళ్ళను ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో అందులో పూర్తిగా రాసి ఉంటుంది: డి డ్రైవ్, ఫలానా ఫోల్డర్, ఫలానా పేరు.

తిప్పలంతా అక్కడే వచ్చింది.

ఈ ఊళ్ళలో కంప్యూటర్ వాడే ఎవరిని అడిగినా ఒక జాగ్రత్త చెబుతారు. సి డ్రైవ్‌లో ఏమీ పెట్టొద్దు. కంప్యూటర్ నెమ్మదించగానే రిపేరు అతను వస్తాడు, సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తాడు, అందులో ఉన్నదంతా పోతుంది. అందుకని పెళ్ళి ఫొటోల నుంచి ఆఫీసు ఫైళ్ళ దాకా అన్నీ వెనక డ్రైవ్‌లలోకి పోతాయి. ఎంత ముఖ్యమైనవైతే అంత వెనక్కి. గుట్ట బ్రాంచిలో కంప్యూటర్ చూసే నాగరాజు జాగ్రత్తపరుడు. పోయినేడు బ్రహ్మోత్సవాల ముందు కంప్యూటర్ మొరాయిస్తే, ల్యాబు ఫోల్డర్‌ను డి నుంచి అన్నిటికన్నా వెనకున్న ఎఫ్ డ్రైవ్‌కు కాపీ చేశాడు. డి లోది కూడా తీసెయ్యలేదు, ఎందుకైనా మంచిదని.

ఆ తర్వాత థైరాయిడ్ కిట్ మారింది. స్వరూప కొత్త ఫైళ్ళు పంపి, ఫోన్‌లో చెబుతుంటే నాగరాజు వాటిని ఎఫ్ లో పెట్టి నడిపాడు. "అయింది అక్కా, సక్సెస్ అని వచ్చింది" అన్నాడు. నిజంగానే అలా వచ్చింది. కానీ పెద్ద ఫైలులో రాసి ఉన్నది డి డ్రైవ్. అది డి కి పోయి, అక్కడున్న పాత ఫైళ్ళను నడిపి, పని అయిందని చెప్పింది.

గుట్ట కింద కొబ్బరికాయలు అమ్మే బాలనర్సమ్మ రిపోర్టులో, ఉండవలసినంతే ఉన్న అంకె పక్కన ఎక్కువని చుక్క పడింది. గొంతుకు ఆపరేషన్ చెయ్యాలేమోనని ఎవరో అన్నారు. ఆమె దుకాణం మూసేసి ఇంట్లో కూర్చుంది. చివరికి డాక్టరు అనుమానపడి ల్యాబుకు ఫోన్ చేశాడు. సరిచేసిన రిపోర్టు పట్టుకుని స్వరూపే ఆమె ఇంటికి పోయింది.

బాలనర్సమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటె నాకేం లేదా?"

"ఏం లేదమ్మా. మా కాడ తప్పు జరిగింది."

"మరి గిన్ని రోజులు నేను ఎందుకు ఏడ్చిన బిడ్డా?"

బాలనర్సమ్మ లోపలికి పోయి ఒక కొబ్బరికాయ తెచ్చి స్వరూప చేతిలో పెట్టింది. అత్తగారికి ఆ సంగతంతా చెప్పినప్పటి నుంచి, స్వరూప గుట్టకు పోయి వచ్చిన ప్రతిసారీ నర్సింగమ్మ అడిగేది ఒకటే. "గా కొబ్బరికాయలామె మంచిగున్నదా?"

రామచంద్రం నాగరాజును పెద్దగా తిట్టలేదు. "ఇగ మీద నువ్వు ఎదురుంగ కూసోకుంటె ఆ స్క్రిప్ట్‌లు ఏ మిషన్ల నడువొద్దు" అని స్వరూపతో అన్నాడు. దూరం నుంచి ఇంటర్నెట్‌లో చేస్తానంటే ఒప్పుకోలేదు. జనాల రిపోర్టులున్న మిషన్‌ను బయటి నుంచి తెరవడం ఆయనకు ఇష్టం లేదు. అప్పటి నుంచి కిట్ మారినప్పుడల్లా స్వరూప భువనగిరిలో బస్సు మారి గుట్టకు పోయి వస్తోంది. శ్రావణం నుంచి షాద్‌నగర్ కూడా చేరుతుంది. ఎల్‌బీనగర్‌లో దిగి, ఆరాంఘర్ పోయి, అక్కడి నుంచి ఇంకో బస్సు.

కడుపు సంగతి చెప్పి, బస్సులు వద్దని డాక్టరమ్మ అన్నదని చెబితే, రామచంద్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు పోరాదంటె నేనేం జేస్తనమ్మా? ఇంకొక బాలనర్సమ్మను ఏడిపియ్యలేను. హైద్రాబాద్ కంపెనీ వాళ్ళు మొత్తం మేమే చూసుకుంటమంటున్నరు. వాళ్ళొస్తె మరి నీకు ఈడ పనేం ఉంటదో నాకు తెల్వది."

*

సతీశ్‌తో గొడవ జరిగిన రోజే, ల్యాబులో జనం పలచబడ్డాక, స్వరూపకు నల్లగొండ కాలేజీ గుర్తొచ్చింది. జావా క్లాసు మొదలయ్యే ముందు సారు ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక చిన్న పెట్టె తెరిపించేవాడు. బోర్డు మీద ఉన్న వరస చూసి అందులో అచ్చు అలాగే కొట్టమనేవాడు. ఎందుకు సార్ అంటే, అది పెడితేనే నడుస్తది, కొట్టు అనేవాడు. మూడేళ్ళూ కొట్టారు. ఆ పెట్టె మీద 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' అని ఉండేది. అదేమిటో అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు వెతికి చదివింది. సంగతి చిన్నదే. కంప్యూటర్‌కు ఒక పేరు చెప్పి, ఆ పేరుకు ఒక విలువ ఇచ్చి పెట్టుకోవచ్చు. ఆ మిషన్‌లో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా ఆ పేరు పెట్టి అడిగితే కంప్యూటర్ ఆ విలువ చెబుతుంది. అంటే ఫైళ్ళు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో స్క్రిప్ట్‌లో రాయనక్కర్లేదు. పేరు ఒక్కటి రాస్తే చాలు. చౌటుప్పల్‌లో ఆ పేరుకు డి అని చెప్పుకుంటారు, గుట్టలో ఎఫ్ అని. స్క్రిప్ట్ మాత్రం అన్ని చోట్లా ఒక్కటే.

ఆమె ఆ పేరును 'ల్యాబ్‌జాగా' అని పెట్టింది.

షాద్‌నగర్ బ్రాంచి కోసం తీసుకున్న హరిత పక్క సీట్లో పని నేర్చుకుంటోంది. అది చూసి నవ్వింది. "జాగా ఏందక్కా! మంచిగ ఇంగ్లీష్ పేరు పెట్టరాదా?"

"ఇంగ్లీష్ పేరు పెడితె నాగరాజు ఫోన్ చేసి అర్థం అడుగుతడు. జాగా అంటె అడగడు."

రెండు రోజులు కూర్చుని అన్ని ఫైళ్ళలోనూ డి డ్రైవ్ తీసేసి ఆ పేరు రాసింది. వెనక గదిలో నేర్చుకోవడానికి పెట్టిన పాత కంప్యూటర్ ఉంది. రోగుల రిపోర్టులు అందులో ఉండవు. హరితను దాని ముందు కూర్చోబెట్టి, ఎలా నడపాలో చెప్పి, ముందుగదిలో ఎవరో పిలిస్తే వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి హరిత చేతులు కట్టుకుని నవ్వుతోంది.

"అయింది అక్కా. సక్సెస్."

"జాగా ఏమని చెప్పినవ్?"

"అయ్యో, అది చెప్పుడు మర్చిపోయిన. చూసినవా, చెప్పకున్నా నడిచింది!"

స్వరూప కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఏం నడిచిందో చూసింది. పేరుకు విలువ లేకపోతే కంప్యూటర్ ఆ చోటును ఖాళీ అనుకుంది. ఖాళీ పోగా మిగిలిన దారి, తాను ఉన్న డ్రైవ్‌లోనే అదే పేరున్న ఫోల్డర్‌కు పోయింది. అక్కడ హరిత ఎప్పుడో నేర్చుకోవడానికి పెట్టుకున్న పాత ఫైళ్ళున్నాయి. అవి నడిచాయి. పని అయిందని తెర మీద వచ్చింది.

నాగరాజు చేసిన తప్పే మళ్ళీ జరిగింది. ఈసారి తను రాసిన ఫైలుతోనే.

"ఏమైందక్కా?" హరిత నవ్వు ఆపింది.

"ఏం కాలే. ఇది నడిచి ఉండొద్దు. గంతే."

ఆ రోజు ఇంటికి పోతూ ఆమె రామచంద్రంకు ఏమీ చెప్పలేదు.

*

ఆదివారం అంగడికి వచ్చిన ఐలేశం, గొర్ల బేరం కుదరక, భుజం మీద గొంగడితో కూతురింటికి వచ్చాడు. అక్షిత తాతను చూసి, గొంగడి లాక్కుని కప్పుకుని గదంతా తిరిగింది.

"ఏం వదినా, ఎప్పుడు పోతున్నవ్ ఊరికి?" అని నర్సింగమ్మను అడిగాడు.

"మొగులు పట్టంగనే. ఈడ ఏమున్నదన్నా, గోడలు చూసుకుంట కూసునుడే. ఆడ నా చెలక దున్నెటోళ్ళు లేక పడావు పడ్తది."

స్వరూప చాయ్ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "బాపూ, గిర్ని మూసిన రోజు యాదికున్నదా నీకు?"

"ఏ గిర్ని?"

"మన ఊరి గిర్ని. నేను సద్ది తెచ్చేటప్పుడు."

ఎండాకాలంలో రైతులు ఎరువు కోసం గొర్ల మందను తమ పొలాల్లో ఆపించుకునేవారు. ఇవాళ ఒకరి పొలం, రేపు ఇంకొకరిది. ఐలేశం పొద్దున్నే మందతో పోతూ ఊరి చివర పిండి గిర్ని దగ్గర ఆగి, ఈ రోజు ఎక్కడుంటాడో చెప్పి పోయేవాడు. సాయంత్రం బడి నుంచి వచ్చిన స్వరూప సద్ది గిన్నె పట్టుకుని గిర్ని దగ్గరికి పోయి "మా మంద ఏడ?" అని అడిగేది. గిర్ని అతను మిషన్ చప్పుడులో గట్టిగా అరిచి చెప్పేవాడు. పొలం ఎన్నిసార్లు మారినా ఆమె అడగవలసిన చోటు మాత్రం ఒక్కటే. ఒక రోజు గిర్ని మూసి ఉంది. అతను పెళ్ళికి పోయాడు. నిన్నటి పొలంలోనే ఉంటుందేమోనని ఆమె అటు పోయింది. అక్కడ ఎండిన పెంటికలు తప్ప ఏమీ లేవు. మందకు అలికిడి ఉంటుంది కదా అని చెవి ఒగ్గి, ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకు పోతూ పోతూ పక్క ఊరి పొలిమేర దాకా పోయింది.

"యాదికి లేకేం!" ఐలేశం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీ తమ్ముడు మల్లేష్‌గాన్ని ఒక దిక్కు తోలి, మందను వాళ్ళకీళ్ళకు అప్పజెప్పి నేనొక దిక్కు ఉరికిన. మీ అవ్వ ఊరంత ఏడ్సుకుంట తిరిగింది."

"దొరికినంక ఏమన్నవు నన్ను?"

"ఏమన్న? తిట్టిన."

"తిట్టినంక?"

"గిర్ని కాడ చెప్పెటోడు లేకుంటె, ఇంటికి తిరిగి పొమ్మన్న. ఎతుక్కుంట రావొద్దన్న. ఒక్కపూట తినకుంటె నేనేం సావను గని, నువ్వు ఏడున్నవో ఎవలకు తెల్వకుంటె ఎట్ల?"

"ఇంటికి తిరిగి పోవాలె. పోయి?"

"పోయి, గిర్ని మూసి ఉన్నదని మీ అవ్వకు చెప్పాలె. ఇంకేం జేస్తవ్? ఇప్పుడెందుకు గవన్ని?"

"కంప్యూటర్‌కు చెప్పాలె."

"నీ కంప్యూటర్‌తోని సద్ది పంపుతున్నవా ఏంది?" అని ఐలేశం పకపకా నవ్వాడు. నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. కోడలు మొహం వైపు చూస్తూ కూర్చుంది.

సోమవారం స్వరూప పెద్ద ఫైలు మొదట్లోనే ఇంకొన్ని వరసలు చేర్చింది. ల్యాబ్‌జాగాకు విలువ లేకపోతే అక్కడే ఆగిపోవాలి. విలువ ఉన్నా, ఆ చోట ఈ నెల ఫైళ్ళు లేకపోతే అక్కడే ఆగిపోవాలి. ఆగినప్పుడు ఏం జరిగిందో తెర మీద చెప్పాలి. స్క్రిప్ట్ నడిచే ఆ నల్లటి తెర మీద తెలుగు అక్షరాలు సరిగా రావు కనుక, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.

హరిత ఈసారి కూర్చుని, విలువ చెప్పి, నడిపింది. ఆగిపోయింది. 'జాగా చెప్పలే. ఏం చెయ్యలే' అని వచ్చింది.

"చెప్పిన కదక్కా! నీ ముంగటనే చెప్పిన!" హరితకు కోపం వచ్చింది.

అది కూడా వెతికి చూస్తే తెలిసింది. అప్పటికే తెరిచి ఉన్న ఆ నల్ల తెర కిటికీకి, అది తెరుచుకున్నప్పటి విలువలే తెలుసు. తర్వాత చెప్పింది దానికి తెలియదు. మూసి, కొత్తగా తెరిస్తే అప్పుడు తెలుస్తుంది. స్వరూప ఆ మాట కూడా కింద చేర్చింది: 'చెప్పినా గిట్లనే వస్తె, ఈ కిటికీ మూసి మళ్ళ తెరువు.'

హరిత దాన్ని పైకి చదివింది. "అక్కా, ఇది కంప్యూటర్ లెక్క లేదు, నువ్వు పక్కన కూసోని గుణుగుతున్నట్టున్నది."

*

రామచంద్రం మొత్తం విన్నాడు. వెనక గది కంప్యూటర్ మీద రెండుసార్లు నడిపించి చూశాడు. జాగా చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి.

"ఈడ నువ్వున్నవ్. నువ్వున్న కాడ అన్నీ నడుస్తయి" అన్నాడు. "గుట్టల రేపు షుగర్ కిట్ మారుతాంది. నేను పోత. నాగరాజే జాగా చెప్పాలె, ఆయననే నడుపాలె. నువ్వు ఫోన్ల కూడ ఉండొద్దు. ఫోన్ల ఉంటె ఉన్నట్టే లెక్క."

"ఆగిపోతె, సార్?"

"ఆగిపోతె ఆగిపోనీ. తప్పు చేస్తె మాత్రం హైద్రాబాద్ వాళ్ళను పిలుస్త."

మర్నాడు ఆయన కారులో గుట్టకు పోయాడు. స్వరూప ఫోన్‌ను సొరుగులో పెట్టింది. ముందుగదిలో జనం ఎక్కువగానే ఉన్నారు. రక్తం తీయించుకోనని ఏడుస్తున్న ఒక పిల్లాడిని తల్లి బిస్కెట్ చూపించి బుజ్జగిస్తోంది. స్వరూప రిపోర్టులు తీసి, పేర్లు పిలిచి ఇస్తోంది. ఒకరిది ఇంకొకరికి ఇవ్వబోయి ఆగింది. హరిత ఆమె చేతిలోని కాగితాలు తీసుకుని, "నువ్వు కూసో అక్కా, నేనిస్త" అన్నది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కారు వచ్చి ఆగింది. రామచంద్రం నేరుగా ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగాడు.

"మొదలు తిట్టింది" అన్నాడు.

"ఏమని సార్?"

"జాగా చెప్పలేదని. నాగరాజు నా మొకం చూసిండు. 'చెప్పిన సార్' అంటాండు. నాకేం తెల్సు? నేను కిటికీల నుంచి గుట్ట మీదికి చూసుకుంట కూసున్న. కొద్దిసేపటికి కింద రాసింది చదివిండు. మూసి మళ్ళ తెరిచిండు. నడిచింది." జేబులోంచి ఒక రిపోర్టు కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "కిట్ డబ్బాల ఉన్న కాగితంతోని ఒక్కొక్క హద్దు నేనే సరిచూసిన. అన్నీ కొత్తయే."

స్వరూప కాగితం తీసుకుని చూసింది. హరిత వెనక నుంచి తొంగిచూసింది.

"అంటె ఇగ నువ్వు లేకున్నా నడుస్తదన్నట్టు" అన్నాడు రామచంద్రం.

ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఆమెకు తెలుసు. సతీశ్ అంటాడనుకుంది.

"నడుస్తది సార్. గందుకే సెలవడుగుతున్న."

"ఏం సెలవు?"

"కాన్పు సెలవు."

"మన ల్యాబుల కాన్పుకు సెలవు ఎవలు తీస్కోలేదమ్మా. మానేసి పోయినోళ్ళే."

"నేను మానేస్తలేను సార్. తొమ్మిదో నెల దాంక ఈ సీట్ల కూసోని చేస్త. షాద్‌నగర్ మిషన్‌కు హరిత జాగా చెప్తది, ఆమెనే నడుపుతది. రెండు బ్రాంచిలు రిపోర్టులు పంపితె ఈడ చూసేటట్టు చెయ్యాలని మీరు ఎప్పటి నుంచో అంటాండ్రు. బస్సులల్ల తిరిగే రోజులు మిగిలితె ఆ పని మొదలుపెడ్త. కన్నంక నాలుగో నెల పడంగనే మళ్ళ వస్త."

రామచంద్రం నీళ్ళ గ్లాసు పక్కకు జరిపాడు. "బిడ్డను చూసెటోళ్ళున్నరా?" అని అడిగాడు.

ఉన్నారని అనడం తేలిక. ఆమె అనలేదు.

"అడిగి చెప్త సార్."

"అడుగు. ఉన్నరంటె కుర్చీ నీదే, నేను వేరేటోళ్ళను పెట్ట. లేరంటె మాత్రం నాకు ఒక మనిషి కావాలె. ఏమనుకోకు." లేచి రెండడుగులు వేసి ఆగాడు. "బాలనర్సమ్మ దుకాణం కాడ ఆగిన. నిన్నడిగింది."

*

పొద్దున షిఫ్ట్ కావడంతో సతీశ్ అప్పటికే ఇంట్లో ఉన్నాడు. అక్షిత నేల మీద పుస్తకాలు పరుచుకుని బొమ్మలకు రంగులు వేస్తోంది. స్వరూప గుట్టలో జరిగింది చెప్పింది. రామచంద్రం అడిగిందీ చెప్పింది.

సతీశ్ విన్నాడు. "నువ్వు పోకుంటనే నడిచిందా? నిజంగ?"

"నాగరాజు నడిపిండు."

"అయితె బస్సులు లేవు ఇగ."

"లేవు."

అతను గడ్డం గీరుకున్నాడు. గొడవ రోజు పొద్దున అన్న మాటలు గుర్తొచ్చాయేమో, ఆమె వైపు కాకుండా అక్షిత వేస్తున్న రంగుల వైపు చూస్తూ అన్నాడు. "మీ అవ్వను తెచ్చుకుందమా?"

"మా అవ్వ వస్తె బాపుకు, మందకు ఎవలు? మల్లేష్ ఒక్కడు ఎన్నని చూస్తడు?"

"నేను ఒక్క షిఫ్టే ఇయ్యమని సూపర్‌వైజర్‌ను అడిగి చూస్త. ఇస్తడని లేదు. అడుగుడైతె అడుగుత."

"అడుగు. ఇచ్చినా సగం రోజే కద."

"సగమన్న ఉంటది. కడమ సగానికి ఏం జేద్దం?"

బయట గాలి లేచి, మెట్ల దగ్గర ఆరేసిన బట్టలు తపతపా కొట్టుకున్నాయి. హైవే అవతల మబ్బు కమ్ముకొస్తోంది. నర్సింగమ్మ బట్టలు తీసి, మోచేతుల మీద వేసుకుని లోపలికి వచ్చింది. మూలన సర్ది పెట్టుకున్న ఆమె సంచి, పైన మడతపెట్టిన గొడుగు అలాగే ఉన్నాయి. బట్టలను మంచం మీద వేసి, ఒక్కొక్కటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"గా కొబ్బరికాయలామె మంచిగున్నదా?"

"మంచిగున్నదట అత్తమ్మా. నన్నడిగిందట."

నర్సింగమ్మ అక్షిత గౌను మడిచి పక్కన పెట్టింది. కొడుకు చొక్కా దులిపింది.

"చెలక కౌలుకియ్యి సతీశూ" అన్నది. "నేనీడనే ఉంట."